పాదాల నొప్పికి అచ్చు తీసి చేయించే ఇన్‌సోల్: ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం (తరచుగా అడిగే ప్రశ్నలు)

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎముకల ఓపీల దగ్గర, ఫిజియోథెరపీ గదుల్లో ఇన్‌సోల్ గురించి, అంటే చెప్పుల్లో, బూట్లలో పాదం కింద పెట్టుకునే అడుగు గురించి, మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలివి. మీ పాదాన్ని పట్టుకుని చూసిన డాక్టరు వేరేగా చెబితే ఆ మాటే వినండి.

మెడికల్ షాపులో అమ్మే జెల్ ప్యాడూ, డాక్టరు రాసిచ్చే కస్టమ్ ఆర్థోటిక్కూ ఒకటేనా?

కాదు. జెల్ ప్యాడ్ మడమ కింద మెత్తగా ఉంటుంది, అంతవరకే. ఆర్థోటిక్ పని వేరు. పాదంలో ఏ చోట ఎక్కువ బరువు పడుతోందో అక్కడ తగ్గించి, మోయగలిగిన చోటికి పంచుతుంది.

దొరికేవి మూడు రకాలు. ఒకటి మడమ కప్పు. రెండోది చెప్పు సైజు చెప్పి కొనుక్కునే రెడీమేడ్ ఆర్చ్ (అరికాలి వంపు) ఇన్‌సోల్. మూడోది మీ పాదం అచ్చు తీసి దాని మీద తయారుచేసే కస్టమ్ ఆర్థోటిక్. ఈ మూడోదాన్ని గట్టిగా కావాలంటే మూడు నాలుగు మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ రేకుతో, మెత్తగా కావాలంటే ఈవీఏ ఫోముతో చేసి, పైన పలచని కవరు అంటిస్తారు. మొదటిది వందల్లో వస్తుంది, మూడోది వేలల్లోకి పోతుంది. ఖరీదు పెరిగినకొద్దీ గుణమూ పెరుగుతుందనుకోవద్దు. మామూలు మడమ శూలలో రెడీమేడ్‌నీ కస్టమ్‌నీ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

పొద్దున్న మంచం దిగితే మడమ నేలకు ఆనించలేను. నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. వెంటనే చేయించుకోవాలా?

వద్దు. ఈ లక్షణం చాలామటుకు ప్లాంటార్ ఫేషియైటిస్‌ది. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. రాత్రంతా కదలిక లేక అది బిగుసుకుంటుంది, పొద్దున్నే ఒక్కసారిగా బరువు పడేసరికి మడమ లోపలి అంచు దగ్గర లాగుతుంది. ఆపరేషన్ లేకుండానే ఎక్కువమందికి ఏడాది లోపల తగ్గిపోయే జబ్బిది. కాకపోతే నెమ్మదిగా తగ్గుతుంది, అందుకే మధ్యలో ఓపిక పోతుంది.

ముందు ఆరు వారాలు ఇవి చేయండి.

మంచం మీద కూర్చునే నొప్పి కాలిని రెండో మోకాలి మీద వేసుకోండి. కాలివేళ్లను చేత్తో మోకాలి వైపు వెనక్కి వంచండి. రెండో చేతి బొటనవేలితో అరికాలి వంపును నొక్కితే తాడులా బిగిసిన పట్టీ తగలాలి. తగల్లేదంటే చాలినంత వంచలేదన్నమాట. పది సెకన్లు ఉంచి వదలండి, ఇలా పదిసార్లు. రోజుకు మూడు విడతలు చెయ్యాలి. మొదటి విడత మాత్రం కాలు కింద పెట్టకముందే అయిపోవాలి. బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చి చేద్దామనుకుంటే ఆ రోజు లాగుడు అప్పటికే జరిగిపోయింది.

పిక్క కండరానికి: గోడకు చేతులు ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మోకాలు నిటారుగా ఉంచి ముందుకు వంగండి. ముప్ఫై సెకన్లు, మూడుసార్లు. తర్వాత అదే భంగిమలో వెనక మోకాలు కొంచెం మడిచి ఇంకో మూడుసార్లు. వెనక మడమ లేచిపోవడం, పాదం బయటికి తిరగడం ఇక్కడ జరిగే తప్పులు. రెండింటిలో ఏది జరిగినా పిక్క సాగదు.

రెండు వారాలయ్యాక నొప్పి ఓర్చుకునేలా ఉంటే బలం పెంచే వ్యాయామం కలపండి. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకోండి. మూడు సెకన్లలో పైకి లేవండి, రెండు సెకన్లు ఆగండి, మూడు సెకన్లలో దిగండి. పన్నెండు సార్లు, రోజు విడిచి రోజు. ఆసరాకు గోడ పట్టుకోండి.

దీంతోపాటు ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలి. ఆరు వారాలకీ ఫలితం లేకపోతే రెడీమేడ్ ఇన్‌సోల్ కలపండి. మూడు నెలలు దాటినా అలాగే ఉంటే అప్పుడు కస్టమ్ సంగతి డాక్టరుతో మాట్లాడటంలో అర్థముంది.

ఎక్స్-రేలో మడమ ముల్లు ఉందన్నారు. అది గుచ్చుకుంటోందా?

గుచ్చుకోదు. నొప్పే లేనివాళ్ల ఎక్స్-రేల్లోనూ ఆ ముల్లు కనబడుతుంది. దాన్ని తీయించుకోవాలన్న ఆలోచన పక్కన పెట్టి, పైన చెప్పినవి చేయండి. మడమలోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. పదేపదే చేయించుకుంటే మడమ కింది కొవ్వు మెత్త పలచబడొచ్చు, పట్టీ తెగే ప్రమాదమూ ఉంది.

ఇంట్లో చెప్పులు వేసుకోం, బయటికి హవాయి చెప్పులు. మాలాంటి వాళ్లకు ఇన్‌సోల్ వల్ల లాభమేంటి?

అసలు ముందు వేసుకోవాల్సిన లెక్క ఇదే. పాదం కింద ఉన్నంతసేపే ఇన్‌సోల్ పనిచేస్తుంది. బూట్లలో పెట్టుకునే ఇన్‌సోల్ వేలు పోసి చేయించి, ఆ బూట్లు పెళ్లికీ పేరంటానికీ మాత్రమే తొడిగితే డబ్బు గూట్లో పెట్టినట్టే.

ఒక రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా మీ పాదం ఎక్కడెక్కడ ఎన్ని గంటలు ఉందో కాగితం మీద రాయండి. పొయ్యి దగ్గర గచ్చు మీద వట్టికాళ్లతో ఎంతసేపు? పలాస జీడిపప్పు యూనిట్‌లోనో, బట్టల షోరూములోనో నిలబడి ఎంతసేపు? చెప్పుల్లో ఎంతసేపు? ఎక్కువ గంటలు ఎక్కడ తేలితే మందు అక్కడ పడాలి. చాలామంది ఆడవాళ్ల లెక్కలో వంటగది గచ్చే ముందుంటుంది. వాళ్లకు కస్టమ్ ఆర్థోటిక్ కంటే ఇంట్లో తిరగడానికే విడిగా ఉంచుకున్న ఒక జత మంచి శాండల్స్ ఎక్కువ మేలు చేస్తాయి. ఇంట్లో చెప్పులేమిటని పెద్దవాళ్లు గొణిగితే, బయట తొడగని కొత్త జత అని చెప్పండి. దేవుడి గది దగ్గర విప్పితే సరిపోతుంది.

హవాయి చెప్పులతో ఇబ్బంది రెండు చోట్ల. జారకుండా ఉండటానికి వేళ్లు ప్రతి అడుగుకూ ముడుచుకుని పట్టుకోవాలి. ఇక మడమ దగ్గర రబ్బరు కొన్ని నెలలకే అణిగిపోతుంది. చెప్పును కంటి ఎత్తులో పక్కనుంచి చూడండి. మడమ వైపు పలచబడి ఒక పక్కకు ఒరిగితే మార్చాల్సిందే. కొత్తది కొనేటప్పుడు రెండు కొసలూ పట్టుకుని వంచండి: వేళ్ల దగ్గర వంగాలి, నడుమ మడతపడకూడదు. వెనక పట్టీ ఉండాలి. తీసి పెట్టుకునే అడుగు ఉన్న శాండల్స్ అయితే ఆర్థోటిక్‌ను అందులోనే అమర్చుకోవచ్చు. బూట్లు వేసుకోనివారికి అచ్చును నేరుగా శాండల్ అడుగు మీదే కట్టి ఇచ్చే తయారీదారులూ ఉన్నారు. మాకైతే వట్టికాళ్ల అలవాటున్న ఈ ప్రాంతానికి సరైన పద్ధతి అదేననిపిస్తుంది.

ఊడ్పుల్లో బురదలో దిగడం గురించి చాలామంది భయపడతారు. బురద మెత్తటిది, మడమకు అదేమీ చేయదు. గట్టి గట్లమీద, తారు రోడ్డు మీద వట్టికాళ్లతో పొలానికి నడిచి వెళ్లే దూరమే నొప్పి పెంచుతుంది.

మరి కస్టమ్ ఆర్థోటిక్ ఎవరికి పనికొస్తుంది?

అన్నిటికంటే ఆలస్యం చేయకూడనిది చీలమండ లోపలి వైపు స్నాయువు జబ్బు. నడివయసు దాటాక ఒక పాదం మాత్రమే ఈమధ్య చదునుగా మారుతుంది, లోపలి చీలమండ వెనక వాపు ఉంటుంది. గోడ పట్టుకుని ఆ ఒంటికాలి మీద మునివేళ్లపై లేవబోతే లేవలేరు, లేదా మడమ లోపలికి తిరగదు. ఈ దశలో వంపును మోసే ఆర్థోటిక్ గానీ, చీలమండను పట్టి ఉంచే బ్రేస్ గానీ నిజంగా అవసరం. వదిలేస్తే పాదం ఆ ఒరిగిన తీరులోనే గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఇన్‌సోల్‌తో సరిచేయలేం, ఆపరేషన్ మాట వస్తుంది.

రెండో వరసలో వంపు మరీ ఎత్తుగా ఉండి నొప్పి పెట్టే పాదాలు. వీటిలో బరువంతా మడమ మీదా, వేళ్ల మొదళ్ల మీదా పడి ఆనెకాయలు కాస్తాయి. నడుమ ఖాళీని నింపే కస్టమ్ ఇన్‌సోల్ మేలు చేస్తుందనడానికి మంచి ఆధారముంది. ఇలాంటి ఎత్తు వంపు కొత్తగా వచ్చినా, ఒక కాలికే ఉన్నా ముందు నరాల డాక్టరుకు చూపించాలి.

రుమటాయిడ్ కీళ్లవాతంలో పాదాల నొప్పి, ఎముక విరిగి పాదం ఆకారం దెబ్బతిన్న పాత గాయాలు, స్పర్శ పోయిన షుగర్ పాదాలు కూడా ఈ జాబితాలోవే. రెడీమేడ్ వాడితే కొంత తగ్గి, అది సరిగ్గా అమరక ఆగిపోయినవారినీ కలపొచ్చు. కొంతైనా తగ్గిందంటే దారి సరైనదేనని తెలిసినట్టు.

నాకు చదును పాదాలు. నొప్పి లేదు. ముందుజాగ్రత్తగా చేయించుకోనా?

అక్కర్లేదు. తడికాలితో గచ్చు మీద అడుగు వేసి మొత్తం పాదం అచ్చు పడిందని కంగారుపడేవాళ్లు చాలామంది. మునివేళ్ల మీద లేచి నిలబడండి. వంపు కనబడితే అది వంగే చదును పాదం, జబ్బు కాదు. లేచినా వంపు రాకపోతే, లేదా పాదం బిర్రుగా ఉండి నొప్పి పెడితే చూపించుకోండి.

మా బాబుకి నాలుగేళ్లు. పాదం చదునుగా ఉంది, స్కూలు బూట్లలో పెట్టడానికి ఇన్‌సోల్ చేయించమన్నారు.

ఆ వయసులో పాదం చదునుగా ఉండటమే మామూలు. పదేళ్లలోపు క్రమంగా వంపు ఏర్పడుతుంది, ఇన్‌సోల్ పెట్టినంత మాత్రాన త్వరగా రాదు. నొప్పి అంటున్నాడా, పరుగెత్తడానికి వెనకాడుతున్నాడా, ఒక పాదమే తేడాగా ఉందా, పాదం బిర్రుగా ఉందా: వీటిలో ఏదైనా ఉంటే మాత్రం ఎముకల డాక్టరుకు చూపించండి.

ఆర్మీ ర్యాలీకి సిద్ధమవుతున్నాను. ఆర్థోటిక్ వాడితే మెడికల్‌లో చదును పాదం సమస్య పోతుందా?

పోదు. ఆర్థోటిక్ పాదం ఆకారాన్ని మార్చదు, తీసేశాక పాదం ఎప్పటిలాగే ఉంటుంది. మెడికల్‌లో చూసేది వేరు: మునివేళ్ల మీద లేచినప్పుడు వంపు తిరిగి రావాలి, పాదం మెత్తగా వంగాలి, నొప్పి ఉండకూడదు, వేళ్ల మీద గెంతగలగాలి, పరుగెత్తగలగాలి. ఇవన్నీ ఉంటే చదునుగా కనబడినంత మాత్రాన అనర్హులు కారు. చదును పోగొడతామని, వంపు తెప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఈ రెండు జిల్లాల కుర్రాళ్లకు అసలు కష్టం ఇంకోచోట ఉంది. ర్యాలీ తేదీ ప్రకటించగానే అరిగిన కాన్వాసు బూట్లతో తారు రోడ్డు మీద ఒక్కసారిగా పరుగు దూరం పెంచేస్తారు. పాదం పైభాగంలో వేలు పెట్టి చూపించగలిగేంత ఒకేచోట నొప్పి ఉండి, పరుగెత్తినకొద్దీ పెరుగుతుంటే అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు. మొదటి వారాల్లో ఎక్స్-రేలో కనబడకపోవచ్చు కూడా. ఇన్‌సోల్ వేసుకుని పరుగు కొనసాగిస్తే ఎముక పూర్తిగా విరగొచ్చు. పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి.

షుగర్ ఉంది, అరికాళ్లు మంటగా, మొద్దుగా ఉంటాయి. ఏ రకం తీసుకోవాలి?

మీరు షాపులో ఎంచుకునే వ్యవహారం కాదిది. ముందు స్పర్శ పరీక్ష చేయించుకోండి. పది గ్రాముల మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగును అరికాలిలో కొన్నిచోట్ల తాకిస్తారు. పోగు వంగేంత నొక్కినా తెలియలేదంటే పాదానికి రక్షణ స్పర్శ పోయినట్టు. అలాంటి పాదం కింద గట్టి ప్లాస్టిక్ ఆర్థోటిక్ పెడితే, ఒరుసుకున్నా తెలియక ఒక్కరోజులో పుండు పడొచ్చు. వీరికి అరికాలంతా ఆనేలా, అనేక పొరలతో మెత్తగా చేసిన ఇన్‌సోల్, దాన్ని పట్టేంత లోతున్న పాదరక్ష కావాలి. మన దగ్గర ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు ఇందుకే వాడతారు. వెనక పట్టీ ఉన్నవే తీసుకోండి, వేళ్ల మధ్య పట్టీ ఉన్నవి వద్దు.

కొత్త జత మొదటి రోజు అరగంట వేసుకుని, విప్పి, అద్దం పెట్టి అరికాలు చూసుకోండి. ఎర్రటి మచ్చ అరగంటకీ పోకపోతే ఆ జత అలా వాడకూడదు, తయారుచేసినవారి దగ్గరికి వెనక్కి తీసుకెళ్లాలి. మొక్కు ఉన్నా సరే స్పర్శ లేని పాదంతో ఎండకు కాలిన గుడి ప్రాంగణంలో వట్టికాళ్లతో నడవొద్దు. బొబ్బలెక్కినా తెలియదు.

షుగర్ ఉన్నవారికి ఒక పాదం ఎర్రగా, వేడిగా వాచి, నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే అది షార్కో పాదం కావచ్చు. లోపల ఎముకలు నలిగిపోతుంటాయి. బరువు మోపకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

షుగర్ లేకుండా పాదం మొద్దుబారి, ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించుకోండి. పీహెచ్‌సీలో ఉచితం, మందులూ ఉచితం, స్పర్శ పోయిన పాదాలకు ఎంసీఆర్ చెప్పులూ ప్రభుత్వమే ఇస్తుంది.

ఇన్‌సోల్ వచ్చేదాకా నొప్పి మాత్రలు వేసుకోవచ్చా?

ఉద్దానం మండలాల వారికి మా జవాబు గట్టిగానే ఉంటుంది: డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ జాతి మాత్రలు షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవద్దు. ఇవి మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గిస్తాయి. కిడ్నీ జబ్బు ఇంతగా ఉన్న ప్రాంతంలో, ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగే శరీరానికి అది రెట్టింపు నష్టం. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని డాక్టరు చెబితేనే వాడాలి. మడమకు మంచినీళ్ల సీసాను ఫ్రీజర్లో గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, అరికాలి కింద పది నిమిషాలు దొర్లించండి. స్పర్శ లేనివారు ఇది చేయకూడదు.

ఉచిత స్కానింగ్ క్యాంపులో పాదం రంగుల బొమ్మ చూపించి ఇన్‌సోల్ తీసుకోమన్నారు.

ఆ యంత్రం నిలబడినప్పుడు ఒత్తిడి ఎక్కడ ఎక్కువుందో చూపిస్తుంది. ఎర్రరంగు ఉన్నంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, మడమ కింద అందరికీ ఎర్రగానే వస్తుంది. చేత్తో నొక్కి చూడకుండా, నడక చూడకుండా, షుగరుందా అని అడగకుండా ఇన్‌సోల్ అమ్మితే అది అమ్మకమే, వైద్యం కాదు.

ఎవరి దగ్గర చేయించుకోవాలి? కొలత ఎలా తీసుకుంటారు?

ఎముకల డాక్టరు లేదా ఫిజికల్ మెడిసిన్ డాక్టరు కారణం తేల్చి చీటీ రాయాలి. శ్రీకాకుళం రిమ్స్‌లో, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల ఓపీ ఉంటుంది. తయారుచేసేది ప్రోస్థెటిస్ట్ అండ్ ఆర్థోటిస్ట్, అంటే కృత్రిమ అవయవాలు, ఆసరా పరికరాలు చేసే నిపుణులు. వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగడంలో మొహమాటం వద్దు. దగ్గరలో దొరక్క విశాఖ వెళ్లేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అచ్చుకు ఒకసారి, అమర్చడానికి ఒకసారి, సరిచేయించుకోవడానికి ఇంకోసారి తిరగాల్సి ఉంటుంది. మూడో ప్రయాణం మానేసినవారి జతలే ఎక్కువగా మూలన పడతాయి.

కొలత మూడు విధాలు: నురుగు పెట్టెలో తొక్కించడం, ప్లాస్టర్ కట్టు చుట్టడం, స్కానర్. నురుగు పెట్టెలో మీ అంతట మీరు నిలబడి తొక్కితే పాదం ఒరిగిన ఆకారంలోనే అచ్చు పడుతుంది, ఇన్‌సోలూ అదే ఒరుగుడుతో తయారవుతుంది. మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆర్థోటిస్ట్ చీలమండ కింది కీలును నడిమికి తెచ్చి పట్టుకుని, మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి నొక్కాలి. మడమ ముందు, తర్వాత బయటి అంచు, చివర వేళ్లు దిగాలి. ఇలా చేస్తున్నారో లేదో మీరే చూడొచ్చు. వెళ్లేటప్పుడు రోజూ వాడే చెప్పులూ, బూట్లూ రెండూ తీసుకెళ్లండి. వాటి అరుగుడే సగం సంగతి చెబుతుంది.

పాదాల నొప్పికి కృత్రిమ అవయవాల పథకం వర్తిస్తుందా అని అడుగుతుంటారు. ఎడిప్ అనే ఆ కేంద్ర పథకానికి కనీసం నలభై శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. మామూలు మడమ శూలకు అది రాదు.

వేళ్ల మొదళ్ల దగ్గర గులకరాయి తొక్కినట్టు నొప్పి. మూడో, నాలుగో వేళ్లలోకి మంట పాకుతుంది.

మోర్టన్ న్యూరోమా కావచ్చు, అంటే వేళ్ల మొదళ్ల మధ్య నరం ఒత్తిడికి మందమవడం. ముందు ఇరుకు ముక్కు బూట్లు మానేయండి. వేళ్ల వెనక ఎముకలను కొంచెం ఎత్తి పట్టే చిన్న మెత్త, మెటటార్సల్ ప్యాడ్, చాలావరకు పనిచేస్తుంది, కానీ పెట్టే చోటులోనే అందరూ తప్పుతారు. నొప్పి ఉన్న చోట కాదు, దానికి కొంచెం వెనక, మడమ వైపు పెట్టాలి. నొప్పి చోటే పెడితే ఇంకా నొక్కుతుంది. నొప్పి చోట లిప్‌స్టిక్ మరక పెట్టి, ఇన్‌సోల్ మీద అడుగు వేస్తే గుర్తు పడుతుంది. ఆ గుర్తు వెనక అంచుకు ప్యాడ్ ముందంచు వచ్చేలా అంటించండి.

కొత్త ఆర్థోటిక్ వేసుకుంటే మోకాలు, నడుము నొప్పి మొదలైంది. తీసేయాలా?

మొదటి రోజే ఎనిమిది గంటలు వేసుకుని ఉంటారు. మొదటి రోజు ఒక గంట, తర్వాత రోజుకో గంట పెంచుతూ పోవాలి. రెండు వారాల్లో పూర్తిగా అలవాటవుతుంది. ఆ రెండు వారాలూ పరుగు, దూరపు నడక వద్దు. పిక్కల్లో కొంచెం అలసట సహజం.

రెండు వారాలు దాటినా వంపు కింద రాయిలా గుచ్చుతుంటే వంపు ఎత్తెక్కువైంది, తగ్గించాలి. మడమ బూట్లోంచి జారుతుంటే బూటు లోతు చాలదు. చాలాసార్లు కారణం ఇంకా చిన్నది: బూటుతో వచ్చిన పాత ఇన్‌సోల్ తీయకుండా దాని మీదే ఇది పెట్టేస్తారు.

ఎప్పుడు ఇన్‌సోల్ ఆలోచన మాని డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి?

దెబ్బ తగిలాక కాలు మోపలేకపోతే. నొప్పితో జ్వరం, ఎర్రదనం ఉంటే. పిక్క ఒక్కటే వాచి గట్టిపడితే. కదలకుండా పడుకున్నా రాత్రిళ్లు నొప్పి లేపేస్తుంటే. షుగర్ పాదంలో ఎంత చిన్న పుండైనా. కుర్రవాడికి రెండు మడమలూ నొప్పి, పొద్దున్నే నడుము అరగంటకు పైగా బిర్రబిగుసుకోవడం కలిసి వస్తే అది వెన్ను కీళ్లవాతం కావచ్చు, రుమటాలజీ డాక్టరు చూడాలి.

ఎంతకాలం మన్నుతుంది?

ఈవీఏ ఏడాదిలోపే అణగడం మొదలవుతుంది. పాలీప్రొపిలీన్ రేకు కొన్నేళ్లు ఉంటుంది, పై కవరే ముందు పోతుంది, దాన్ని మాత్రం మార్పించుకోవచ్చు. మన తీరపు ఉక్కకు రాత్రిపూట బూట్లోంచి బయటికి తీసి గాలికి పెట్టండి. తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఎండలో, పొయ్యి పక్కన, ఎండలో నిలిపిన బైకు డిక్కీలో ఉంచితే ఆకారం పోతుంది. కొత్త జత చేయించుకునే రోజు పాతదాన్ని పారేయకుండా తీసుకెళ్లండి. ఏ అంచు అరిగిందో, ఎక్కడ గుంట పడిందో చూసి ఆర్థోటిస్ట్ కొత్తదాంట్లో సర్దుతారు.